చిన్న అక్షరాల ఊరు

మా అక్క సముద్రం చూసింది, నేను చూడలేదు. ఇబ్రహీంపట్నంలో మా ఇల్లంతా సముద్రానికి ప్రయాణం కట్టిన ఏడు, ఏ ఊరి సముద్రానికి పోవాలన్న మాట మీద అన్ని రోజులు వాదన నడిచిందంటే, దాని అడుగున ఉన్నది ఈ ఒక్క సంగతే. అది నాకు తప్ప ఎవరికీ తెలియదని అనుకునేదాన్ని.

అక్కను బందరు పంపింది రజాకార్ల రోజుల్లో. మా బాపు పెద్దచెరువు చేపల గుత్త పట్టేవాడు. చెరువు అడుగంటిన నెలల్లో బందరు ఎండుచేపలు తీసుకుని నాదర్‌గుల్, రావిర్యాల దాకా కావడి మోసి అమ్మేవాడు. ఆ సరుకు తెచ్చే బందరు వ్యాపారి ఏళ్ళ తరబడి మా అరుగు మీద కూర్చుని అన్నం తిన్న మనిషి. ఊళ్ళ మీద పడి ఇళ్ళు దోస్తున్నారనీ, ఆడపిల్లల జోలికి వస్తున్నారనీ కబుర్లు రోజురోజుకీ దగ్గరి ఊళ్ళ నుంచి వస్తున్న చలికాలం అది. ఆయన బాపుతో, "పిల్లను నాతో పంపవయ్యా. మా ఆడాళ్ళ దగ్గర ఉంటది. గొడవలు సద్దుమణిగాక నేనే తెచ్చి దింపుతా" అన్నాడు.

పిల్లను అన్నాడు, పిల్లలను అనలేదు. బాపు ఆ మాటను సరిదిద్దలేదు.

అక్క పచ్చగా, నిండుగా ఉండేది. నడిచిపోతుంటే అంగడిలో మాటలు ఆగేవి. నేను సన్నగా, నల్లగా, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తలుపు వెనక్కి పోయే రకం. అక్క బండెక్కిన పొద్దున నేను ఏడుస్తుంటే అమ్మ నా జడ గుంజి కడుతూ, "నీకేం ఫికరే? నిన్నెవలు జూస్తరు?" అన్నది. నాకు ధైర్యం చెప్పడానికే అన్నది. ఆ వారమే తన వెండి కడియాలు గుడ్డలో చుట్టి పెరట్లో పాతిపెట్టింది. కడియాలు మట్టి కిందికి పోయాయి, అక్క బందరు పోయింది. రోలూ నేనూ ఎప్పటి చోటనే ఉండిపోయాం.

నన్ను మా నాయనమ్మకు అప్పగించారు. ఆమెను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. ఇంటి వెనక వలలు పెట్టే కొట్టు ఉండేది. పగలంతా అవ్వా నేనూ అందులోనే. వీధిలో జీపు చప్పుడైతే అవ్వ నన్ను వలల గుట్ట వెనక్కి నెట్టి, తను గుమ్మానికి అడ్డంగా కూర్చుని వల అల్లుతూ ఉండేది. చప్పుడు పోయాక నన్ను ముందుకు పిలిచి, వల కన్నుకు ఎంత ఎడం ఉండాలో తన బొటనవేలు పెట్టి చూపించేది. ముడి వేస్తూ గుసగుసగా కథలు చెప్పేది. కొత్త కోడలిగా వచ్చిన ఏడు అత్త మీద అలిగి, పుట్టింటికి పోయే దారి తెలియక, చెరువు తూము దగ్గర పొద్దంతా కూర్చున్న కథ ఒకటి. తాత వచ్చి పక్కన కూర్చుని, గాలం వేసి, ఒక చేప పట్టి ఆమె ఒడిలో పెట్టి, "ఇగ వండు, ఆకలైతున్నది" అన్నాడట. ఆ కథ ఆమె ఇంకెవరికీ చెప్పలేదని నాకు తెలుసు. కానీ అప్పుడు దానికి నా దగ్గర విలువ లేదు. కొట్టులో చేపల వాసన, చీకటి, అవ్వ ముక్కుపొడి. అక్కకు సముద్రం.

ఆ రోజుల్లోనే ఒకసారి రజాకార్లు ఊరి జనాన్ని చావడి ముందు కూడేశారు. అవ్వ కూడా పోయి నిలబడవలసి వచ్చింది. అక్కడ ఏం చూసిందో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. అప్పటి నుంచి పదిమంది కూడిన చోటికి పోతే ఆమె చేతులు వణికేవి. సొంత చెల్లెలి మనవడి పెండ్లికి కూడా పోలేదు.

పోలీసు యాక్షన్ అయింది. యూనియన్ మిలిట్రీ వచ్చింది. బతుకమ్మ పండుగకు ముందు బందరు వ్యాపారి మాట తప్పకుండా అక్కను తెచ్చి మా గుమ్మంలో దింపాడు. అక్క ఇంకా నిండుగా అయింది. చీర కుచ్చిళ్ళు వేరే రకంగా పెట్టింది. ఆ వ్యాపారితో "అట్లాగేనండి" అని ఒక మాట అన్నది చూడండి, మా అమ్మ మురిసిపోయి ఇరుగుపొరుగును పిలిచింది.

"మల్లొకసారి అనవే బిడ్డా!"

"అట్లాగేనండి."

వాళ్ళు పడీపడీ నవ్వారు. నేను నీళ్ళబిందె దగ్గర నిలబడి ఉన్నాను. నన్ను చూసి అక్క, "ఇది ఎదగనే లేదు గదనే అమ్మా!" అన్నది.

ఆ తర్వాత ఇంట్లో ఏ మాటా సముద్రం లేకుండా తెమిలేది కాదు. చారులో ఉప్పు ఎక్కువైతే సముద్రం. గాలి వీస్తే సముద్రం. పొయ్యి మీద ఎసరు మరిగితే "అలలు గిట్లనే వస్తయి". మరుసటేడు వానలు కురిసి పెద్దచెరువు నిండింది. అలుగు పారితే మా ఊళ్ళో అదొక పండుగ. కట్ట మైసమ్మకు బోనాలెత్తుతారు, ఆడపిల్లలు కొత్త రైకలు తొడుక్కుని కట్ట మీదికి పోతారు. అలుగు మీంచి తెల్లగా దూకుతున్న నీళ్ళను చూస్తే నేను ప్రతిసారీ కాలు కదపకుండా నిలబడిపోయేదాన్ని. అక్క నా పక్కన నిలబడి చూసి, "గింతేనా?" అన్నది.

అంతే అన్నది. నేను ఇంటికి వచ్చి రెండు పూటలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ సంగతి గమనించలేదు. మాట్లాడనివాళ్ళకు కోపం వస్తే ఇదొక ఇబ్బంది, ఎవరికీ తెలియదు.

కోపం తీరాక నేనే అడిగాను. "సముద్రం ఎట్లుంటదక్కా?"

"చెప్తే తెల్వదే. చూడాలె."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. అక్క దాచుకుని అన్నదో, నిజంగా చెప్పడం రాక అన్నదో. నేనైతే దాచుకున్నదనే నమ్మాను. నాకు అక్షరాలు నేర్పిన మా మేనమామ పట్నంలో చదువు మానేసి పోతూ నాకు ఇచ్చిన పాతపుస్తకాలు బియ్యం గోలెం వెనక ఉండేవి. వాటిలో సముద్రం అన్న మాట ఉన్న పుటలన్నీ నాకు తెలుసు. నాకు రాసుకునే అలవాటు అయింది కూడా ఆ రోజుల్లోనే. చూడని సముద్రాన్ని నాలుగు రకాలుగా రాసి కొట్టేసేదాన్ని. మరొక సంగతి కూడా నన్ను కాల్చేది. అక్క ఉన్న ఇంటి వీధి చివర గ్రంథాలయం ఉండేదట.

"ఆడపిల్లలు గూడ పోతుండిరి. సంకల పుస్తకాలు పెట్టుకొని" అన్నది అక్క, కుంకుడుకాయలు కొడుతూ.

"నువ్వు పోలేదా?"

"నాకేం పనే ఆడ?"

సముద్రమూ పుస్తకాలూ ఒకే వీధిలో ఉన్న చోటికి, పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయే మనిషిని పంపారు.

అవ్వ మొక్కు సంగతి బయటపడింది చెరువు నిండిన ఆ నెలలోనే. అక్క బందరులో ఉండగా అవ్వ మొక్కుకున్నదట. పిల్ల క్షేమంగా తిరిగి వస్తే, దాన్ని కాపాడిన నీళ్ళకు బోనం ఇస్తానని. చెరువు నిండింది, గుత్త బాగా గిట్టింది, ఇక ఆలస్యం చేయొద్దని పట్టు పట్టింది. బాపు కూడా మెత్తబడ్డాడు. ఆ రెండేళ్ళ భయం తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా పోయి నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోవాలని ఆయనకూ ఉన్నట్టుంది. మిలిట్రీ వాళ్ళు ఇంకా సంగపోళ్ళను, అంటే కమ్యూనిస్టులను, వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు. రాత్రి ఎవరైనా తలుపు తడితే, తట్టింది ఎవరైనా భయమే.

"బందరే పోదాం" అన్నది అక్క. "నాకు దారి తెలుసు. అన్నీ నేను చూపిస్త."

నేను చూపిస్త. ఆ మాట వినగానే నాకు మొత్తం కళ్ళ ముందు కనిపించింది. అక్క ముందర నడుస్తుంది, మేము వెనక. ఆమె చేయి చాచిన వైపు మేము చూస్తాం. జీవితంలో మొదటిసారి నేను చూడబోయే సముద్రం ఆమె వేలి చివర నుంచి మొదలవుతుంది. అట్లా అయితే నాకు అది అక్కరలేదు. ఆమె ఎరగని సముద్రం కావాలి. ఆమె కన్నా ముందు, నా కళ్ళతో నేను చూసేది కావాలి.

బందరు మాట బాపుకు నచ్చలేదు. "మన దిక్కు జనమంత ఆడికే పోయిండ్రు. ఇంక మస్తు మంది ఆడనే ఉన్నరు. నువ్వు ఆ రోజులల్ల ఎవరి దిక్కుంటివి, ఊర్లనే ఎట్ల ఉండగలిగితివి అని అడిగెటోళ్ళే అంత. ఆ పంచాది నాకొద్దు. జనం లేని ఊరు జూడుర్రి."

"అవ్" అన్నది అవ్వ వెంటనే. "జనం లేని కాడికే. నీళ్ళుండాలె, జనముండొద్దు."

అమ్మ అన్నది, "జనం లేని ఊరు ఏదో మనకెట్ల ఎర్క?"

అప్పుడు తలుపు వెనక నుంచి నా గొంతు వచ్చింది. నాకే ఆశ్చర్యమైంది. "నేను జూస్త."

అందరూ ఇటు తిరిగారు. అక్క నవ్వింది. "నువ్వా? నువ్వు తూము దాటి పోలేదు గదే!"

నేను గోలెం వెనక నుంచి మేనమామ పుస్తకం తెచ్చి, అందులోని పటం నేల మీద పరిచాను. నీలం రంగు వేసింది సముద్రం. దాని అంచున ఊళ్ళ పేర్లు. బాపు కళ్ళు చిట్లించి వంగి చూశాడు. ఆయనకు చదువు రాదు.

"గీ చీమలన్ని ఊర్లేనా?"

"అవ్ బాపూ. పెద్ద అక్షరాలది పెద్ద ఊరు. బందరు చూడు, ఎంత లావుగ రాసిండ్రో. అక్షరం చిన్నగుంటే ఊరు చిన్నది, జనం తక్కువ."

ఈ సూత్రం నేను అప్పటికప్పుడు కనిపెట్టిందే. కాని బాపుకు అది వల కన్ను లాగా తోచింది. కన్ను చిన్నదైతే చిన్న చేప. తల ఊపాడు. నేను వేలితో అంచు వెంట జరుపుకుంటూ పోయి, రైలు గీతకు దగ్గరగా, అన్నిటి కన్నా సన్నటి అక్షరాల్లో ఉన్న ఒక పేరు మీద ఆపాను. ముందు రోజు మధ్యాహ్నమే దాన్ని ఎంచి పెట్టుకున్నాను. అంత సన్నగా ఉంది, కాగితం మీద దుమ్మేమో అన్నట్టు.

అక్క వంగి చూసింది. "గా ఊరు నేను జూడలేదే. ఆడ ఏముంటదో ఎవలకెర్క?"

"అందుకే" అన్నాను.

నోరు జారిన మాట అది. అక్క నా ముఖం వైపు ఒక్క క్షణం ఎక్కువసేపే చూసింది. తర్వాత లేచి పోయి పొయ్యిలో కట్టె ఎగదోసింది.

ఎప్పుడు పోవాలన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు చెప్పింది బాపు. ఇంట్లో ఎవరమూ కాదనలేదు, ఎందుకంటే మా అందరికీ తెలిసిన నీళ్ళు ఒకటే. చెరువు ఎండాకాలంలో లోతు తగ్గుతుంది. తగ్గిన నాడు ఊరికి ఊరే వలలు, బుట్టలు పట్టుకుని దిగుతుంది. బురద తొక్కి, అరిచి, కొట్లాడి చేపలు పడతారు. ఏడాదిలో చెరువు దగ్గర జనమంటే అదే జనం. అలుగు పారడం ఆగి, నిండు నీళ్ళు కదలకుండా ఉన్న రోజుల్లో కట్ట మీద మనిషి కనబడడు.

"ఎండకాలం పోవద్దు" అన్నాడు బాపు. "సముద్రం ఎండితే చాపలకు ఆ దిక్కు జనమంత దిగుతరు. నీళ్ళు నిండినంక పోవాలె. కార్తీకంల అయితే పురుగు గూడ ఉండదు."

"పున్నమికి పోదాం" అన్నది అవ్వ. "పున్నమికి గంగమ్మ నిండుగుంటది."

నేను అక్క వైపు చూశాను. సముద్రం ఎండుతుందో లేదో చెప్పవలసింది ఆమె. అక్క కూరగాయలు తరుగుతూ, "నేనున్న ఎండకాలం అయితే నీళ్ళు తగ్గినట్టు కనబడలే" అన్నది. "జనం గూడ లేకుండె. ఏమో మరి, బందరుది పెద్ద సముద్రం."

బాపు తృప్తిగా తల ఊపాడు. చిన్న ఊరికి చిన్న సముద్రం, త్వరగా ఎండుతుంది. లెక్క సరిపోయింది.

అవ్వకు మాత్రం ఒక్క అనుమానం మిగిలింది. "కట్ట ఏడుంటదే దానికి? కట్ట లేకుంటే మైసమ్మ ఏడుంటది? నేను బోనం ఎవలి ముంగట పెట్టాలె?"

పటంలో కట్ట లేదు. "పోయినంక జూద్దామవ్వా" అన్నాను. నేను ఎంచిన ఊరు కాబట్టి దాని తరఫున నేనే మాట ఇవ్వవలసి వచ్చింది.

ఇంటి నుంచి కొత్త కుండ సున్నం, పసుపు పూసి గుడ్డలో చుట్టుకుని బయలుదేరాం. పట్నం పోయే బస్సును మిలిట్రీ వాళ్ళు ఆపి మూటలు విప్పించారు. నేను అవ్వ చేతులు గట్టిగా పట్టుకున్నాను. రైల్లో అక్క కిటికీ దగ్గర కూర్చుంది, అది ఎవరూ నిర్ణయించకుండానే ఆమె చోటు. బెజవాడ దాటాక గాలి మారింది. అక్క కళ్ళు మూసుకుని, "ఉప్పుగాలి వస్తది జూడు, జర లోపలికి పీల్చు" అన్నది.

నేను ముక్కు మూసుకున్నాను. నిజంగానే. ఆమె చెప్పిన గాలి పీల్చదలచుకోలేదు. ఊపిరాడక దగ్గు వస్తే అమ్మ వీపు మీద చరిచింది.

రైలు దిగిన ఊళ్ళో సత్రంలో ఆ రాత్రి ఉన్నాం. పొద్దున్నే అమ్మ బోనం వండింది. సముద్రం దాకా బండి మాట్లాడుకున్నాం. బండతను ఎద్దులను అదిలిస్తూ, "పొద్దున్నే బయల్దేరారు, మంచి పని చేశారు. ఎండెక్కితే అడుగు పెట్టనియ్యరు" అన్నాడు. ఎవరు అడుగు పెట్టనివ్వరో మాకు అర్థం కాలేదు. కొంతదూరం పోయాక మా ముందు ఒక బండి కనబడింది. దాని ముందు మరొకటి. మలుపు తిరిగాక చూస్తే బండ్లు దారం గుచ్చినట్టు ఉన్నాయి. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకల్లో పిల్లలు, నడిచేవాళ్ళు నడుస్తున్నారు, పాడేవాళ్ళు పాడుతున్నారు.

బాపు ముఖంలో రంగు పోయింది. "అన్నా, గీ జనమంత చాపలకా?"

బండతను వెనక్కి తిరిగి బాపును ఎగాదిగా చూశాడు. "చేపలేంటి బాబూ! ఇవాళ కార్తీక పున్నమి. సముద్ర స్నానాలు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇవాళ ఇక్కడే ఉంటాయి. మీరూ అందుకే కదా వచ్చింది?"

మాకు కార్తీక పున్నమంటే గుమ్మంలో దీపం పెట్టుకోవడం. సముద్రంలో మునగడానికి ఒక రోజు ఉంటుందని ఎవరు అనుకున్నారు?

బండి ఇసుకలో ఆగింది. ముందర జనం తలలు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ నా వైపు తిరిగింది. "చిన్న అక్షరాలంట! చిన్న అక్షరాలు! బందరుల గూడ గింత జనం ఉండరు."

"నేనున్నప్పుడు పురుగు గూడ లేకుండె" అన్నది అక్క, నెమ్మదిగా. ఆమె కూడా నిర్ఘాంతపోయి చూస్తున్నది. సముద్రం గురించి ఆమెకు తెలియనిది ఒకటి దొరికింది. ఇంకొక రోజయితే నేను ఎంత సంతోషపడేదాన్నో.

అవ్వ బండి ఊచను రెండు చేతులతో పట్టుకుంది. చేతులు వణుకుతున్నాయి. "నేను దిగ" అన్నది. "నన్ను దించకుర్రి. బోనం మీరే పెట్టి రార్రి."

బాపు బతిమాలాడు. అమ్మ బతిమాలింది. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి అమ్మ కొంగు బిగించుకుని, నా వైపు చూడకుండానే, చెంబు అందించినంత సులువుగా అన్నది. "నువ్వు అవ్వ కాడ ఉండు. మేము పోయొస్తం."

అమ్మకు అందులో ఏమీ లేదు. అవ్వ దగ్గర ఉండేది నేనే కదా, ఎప్పుడూ. నేను బండిలో కూర్చున్న చోటనే కూర్చుని ఉన్నాను. సముద్రం చప్పుడు వినబడుతున్నది. మనుషుల అరుపుల కింద, ఎవరో పెద్ద జల్లెడలో ఇసుక జల్లిస్తున్నట్టు. నేను ఎంచిన సముద్రం అది, పటం మీద దుమ్ము లాంటి పేరును నేను వెతికి పట్టుకున్నది. దాని దాకా వచ్చి, అక్క దిగి చూసి వచ్చి నాకు మళ్ళీ "చెప్తే తెల్వదే" అంటుంది. ఏడవకూడదని పళ్ళు బిగబట్టాను. ఒక్క మాట అంటే చాలు. నేనుండను, అక్క ఉండనీ అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడు కూడా పైకి రాలేదు.

"నేనుంట" అన్నది అక్క. "అది పోనీ. నాకేం కొత్తనా సముద్రం?"

అని కుండ ఎత్తి నా తల మీద పెట్టింది. చుట్టకుదురు సరిచేసింది. నేను దిగాను. కృతజ్ఞత కలగవలసిన చోట నాకు మళ్ళీ అదే మంట. చూడగలిగినదీ ఆమే, చూసింది చాలని వదిలెయ్యగలిగినదీ ఆమే. నా సముద్రం చివరికి ఆమె చేతి మీదుగానే నాకు అందింది.

జనంలో తోసుకుంటూ పోయాం. బాపు ముందు, అమ్మ నా చేయి పట్టుకుని. తడి చీరలు, తడి జుట్లు, అరటి దొప్పల్లో దీపాలు. ఇద్దరు ఆడవాళ్ళ భుజాల మధ్య సందులో మొదటిసారి కనబడింది. చెరువులో నీళ్ళు పడుకుని ఉంటాయి. ఇక్కడ నీళ్ళు నిలబడి ఉన్నాయి. ఒక గోడ లేచి, మనవైపు నాలుగడుగులు నడిచి, మోకాళ్ళ మీద కూలుతున్నది, మళ్ళీ లేస్తున్నది. అవతలి ఒడ్డు కోసం చూశాను. అలవాటు కొద్దీ. అవతల కొండ లేదు, తాటిచెట్టు లేదు, కట్ట లేదు. చూపు పోయి ఎక్కడా తగలలేదు.

బాపు మోకాళ్ళ దాకా దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నాకి చూశాడు. "ఉప్పే!" అన్నాడు, అక్క చెప్పింది ఇన్నాళ్ళూ నమ్మనట్టు. అమ్మ కాళ్ళ కింది నుంచి ఇసుక జారితే కెవ్వుమని, తర్వాత చిన్నపిల్లలాగా నవ్వింది. అమ్మ అట్లా నవ్వగా నేను అంతకు ముందు చూడలేదు.

బోనం ఎక్కడ పెట్టాలి? అవ్వకు మాట ఇచ్చింది నేను. జనానికి కొంచెం ఎడంగా పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, తడి ఇసుక చేతులతో దోసి కట్ట కట్టాను. మూరెడు పొడుగు ఉంటుంది. మధ్యలో తూము లాగా వేలితో బొక్క పెట్టాను. మూడు గవ్వలు ఏరి మైసమ్మను నిలబెట్టాను. దాని ముందు కుండ దించాను.

తడి బట్టలతో పోతున్న ఒకామె ఆగింది. "ఏం కడుతున్నావమ్మాయ్? బొమ్మరిల్లా?"

"కట్ట" అన్నాను.

"సముద్రానికి కట్టా!" ఆమె పగలబడి నవ్వింది. "ఏ ఊరమ్మా మీది?" నేను జవాబు చెప్పేలోగా వంగి, తన చేతిలోని అరటి దొప్ప దీపం నా కట్ట మీద పెట్టి, దండం పెట్టుకుని పోయింది. ఆమె కూతురో కోడలో, వెనక వస్తున్నామె కూడా ఇంకొకటి పెట్టింది. ఎందుకో నాకు తెలియదు. తర్వాత ఒక అల వచ్చి కట్టను, గవ్వలను, దీపాలను తీసుకుపోయింది. కుండ బోర్లపడి, అన్నం తెల్లగా పసుపుగా నీళ్ళలో విచ్చుకుని, లోపలికి జరిగిపోయింది.

అంతా చూశాను. ఎవరూ వేలితో చూపించలేదు. ఇక నిలబడి తనివితీరా చూడవచ్చు. కాని నేను వెనక్కి తిరిగి బండి వైపు చూశాను.

మధ్యలో జనం పలచబడ్డారు, బండి కనబడుతున్నది. అవ్వ ఊచ వదిలేసింది. అక్క పక్కన ఒదిగి కూర్చుంది. అవ్వ నోరు కదులుతున్నది. వలల కొట్టులో గుసగుసగా చెప్పేటప్పుడు ఆమె తల ఒక పక్కకు ఎట్లా వాలేదో, అట్లాగే వాలింది. అక్క ఆ నోటి దగ్గరికి చెవి పెట్టి వింటున్నది.

నా వెనక సముద్రం కూలుతున్నది, లేస్తున్నది. నేను దాని వైపు వీపు పెట్టి నిలబడ్డాను. ఆ కొట్టులో కూర్చున్న నెలలు మొదటిసారి నా ముందుకు వచ్చాయి. చీకటి, ముక్కుపొడి వాసన, బొటనవేలంత వల కన్ను. అవి నావి. అప్పటిదాకా నా దగ్గర ఏదో ఉందని నాకు తెలియదు. అవ్వ ఇప్పుడు దాన్ని అక్కకు ఇచ్చేస్తున్నది, నేను సముద్రం చూస్తున్నంతసేపట్లో.

"ఇంకొంచెంసేపు ఉండవే, గింత దూరం వచ్చినం" అన్నది అమ్మ.

"సాలు" అన్నాను. తడి చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే బండి దగ్గరికి దాదాపు పరుగెత్తాను.

నేను పోయేసరికి అవ్వ మాట ఆపేసింది. చేతులు వణకడం లేదు. అక్క కళ్ళు తుడుచుకుంటున్నది, నవ్వి నవ్వి వచ్చిన తడి అది.

"తూము కాడి కథ చెప్పిందా?" అని అడిగాను.

"ఏ తూము?" అన్నది అక్క.

అంటే అది కాదు. నేను వినని మరొకటి ఉంది. అన్ని నెలలు గుమ్మం మూసుకుని ఇద్దరమే కూర్చున్నా, నాకు చెప్పనిది ఒకటి అవ్వ దగ్గర మిగిలే ఉంది.

"మరేం చెప్పింది?"

"చెప్తే తెల్వదే. వినాలె."

అక్క ఆ మాట కావాలని అన్నది. కళ్ళలో తెలుస్తూనే ఉంది. తలుపు వెనక నేను పడ్డ మంటంతా ఆమె ఎప్పుడో చూసిందని నాకు అప్పుడు అర్థమైంది. అవ్వ మాత్రం ఏమీ పట్టించుకోకుండా, "బోనం తీసుకున్నదానే గంగమ్మ?" అని అడిగింది.

"తీసుకున్నదవ్వా. కట్ట కట్టిన. కట్టను గూడ తీసుకపోయింది. ఆడ నీళ్ళు నిలబడి ఉంటయవ్వా."

అక్క తల ఎత్తింది. "నిలబడి ఉంటయా? బందరుల గట్ల లేకుండె. ఆడ అంత బురద, నీళ్ళు ఎక్కడ్నో దూరంగ ఉంటుండె. ఎట్ల నిలబడ్డయే?" బండి మీంచి మెడ చాచి జనం తలల మీదుగా చూడబోయింది. ఏమీ కనబడలేదు. ఎండ ఎక్కుతున్నది, బండతను అప్పటికే ఎద్దులను కాడికి కడుతున్నాడు.

"ఎట్ల నిలబడ్డయో చెప్పవే!"

"చెప్తే తెల్వదక్కా."

ఆమె నా తొడ మీద గట్టిగా గిల్లింది. నేను అరవలేదు. బండి కదిలింది. కొంచెంసేపటికి అక్క మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది. నేను అవ్వ నోటి వైపు చూశాను. అవ్వ ముక్కుపొడి పీల్చి, కొంగు కప్పుకుని, ఇద్దరి మధ్యా కునుకు తీసింది.

అవ్వ ఇప్పుడు లేదు. అక్క జల్‌పల్లిలో కాపురం చేస్తున్నది. వచ్చినప్పుడల్లా రెండు మాటలయ్యాక, "నిలబడి ఉంటయి అంటివి గదా, ఎట్ల?" అని అడుగుతుంది. నేను, "ముందుగాల నువ్వు చెప్పు, ఆ దినం అవ్వ ఏమన్నది?" అంటాను. ఆమె నవ్వి లేచిపోతుంది. ఆ సముద్రానికి మళ్ళీ పోదాం పద, జనం లేని నాడు, అని కూడా ఈ మధ్య అంటున్నది. ఊరి పేరు ఆమెకు గుర్తులేదు. బాపుకూ అమ్మకూ గుర్తులేదు. పటం నా దగ్గరే ఉంది, కాని నేను ఇంకా చెప్పలేదు. అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు.